సుఖం అనే పేరు

గుంతకల్లు సర్కారాస్పత్రిలో పద్నాలుగో గది,
మందుల గదికీ సైకిల్ స్టాండుకూ నడుమ.
బోర్డు మీద ‘సుఖ’ ఒక్కటే మిగిలింది,
‘వ్యాధులు’ రెండు వానలకే కారిపోయింది.
చదివినోళ్ళు నవ్వుకుంటా పోతారు.
లోపల నేను రక్తం తీస్తుంటాను.

పందొమ్మిదేళ్ళు.
రైలు దిగి నేరుగా వచ్చే సిపాయిని
తల ఎత్తకుండానే గుర్తుపడతాను.
లుంగీ కట్టుకొచ్చినా సరే
బెంచీకి వీపు ఆనించడు.
పేరడిగితే ముందు నంబరొస్తుంది నోట్లోంచి,
నాలుక కరుచుకొని పేరు చెబుతాడు.
ఊరడిగితే పక్కూరు చెబుతాడు.

అక్కడి డాక్టరుకు చెప్పుకుంటే కాగితమవుతుంది,
కాగితం నడుచుకుంటా పెద్దసారు బల్ల దాకా పోతుంది,
రేపు భుజం మీదికి రావాల్సిన పట్టీ ఆగిపోతుందని భయం.
అందుకని సెలవు దాకా పళ్ళు బిగబట్టి
మూడు రాష్ట్రాల మీదుగా ఆ మంటను
టిక్కెట్టు లేకుండా మోసుకొస్తాడు.
వాళ్ళ పుస్తకంలో తగ్గిన అంకె
నా పుస్తకంలో వచ్చి కూర్చుంటుంది.

మార్చి వస్తే జిల్లా ఆఫీసుకు గీత కావాలి.
ఏడాదికొక చుక్క, చుక్కకూ చుక్కకూ నడుమ ఎర్ర పెన్ను.
గీత లేస్తే ఎందుకు లేచిందని ఫోను,
దిగితే శభాష్.
ఒక ఏడు నిట్టనిలువునా దిగింది.
ఆ ఏడు ఎనిమిది నెలలు కిట్లు రాలేదు.
ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

మా కాంపౌండరు దస్తగిరి తాత
ఒకప్పుడు పటాలంలో పుండ్లకు కట్లు కట్టినోడు,
రిటైరైనా పొద్దున్నే వచ్చి కుర్చీ తుడుచుకుంటాడు.
“మా జేజినాయన కాలంలో పరంగి రోగమంటాండ్రి,
తెల్లోడు తెచ్చినాడని.
బళ్ళారి దండులో తెల్లోడేమో
బజారు ఆడోళ్ళను పట్టకపోయి గదిలో ఏసి తాళమేసె.
సవాయన్న్యారు, కొరుకన్న్యారు, సెగన్న్యారు.
ఇన్ని పేర్లు పెట్టినారు గానీ పాపా,
నాదని ఒగడూ అనలా.”

సోమవారం గర్భిణుల రోజు.
రామాంజినమ్మకు ఐదో నెల.
వేలి కొసన గుచ్చి, చుక్క కార్డు మీద వేశాను.
పదిహేను నిమిషాలు ఫ్యాను చప్పుడు విన్నాం ఇద్దరం.
“రెండు గీతలొచ్చినాయి!” ముందు ఆమే చూసింది.
“మంచిదే గదా మేడం? ఆ పొద్దు కూడా రెండే వచ్చిండె,
ఈదంతా చక్కెర పంచితిమి.”

ఈ ఉద్యోగంలో నాకు నేర్పిన మాటలున్నాయి.
కాసేపు ఒక్కటీ పైకి రాలేదు.
తర్వాత వరసగా చెప్పాను:
మూడు వారాలు, మూడు సూదులు,
నొప్పిగా ఉంటుంది, బిడ్డను కాపాడుతుంది,
మీ ఆయన కూడా వేయించుకోవాలి.

ఆమె కార్డును బల్ల అంచుకు సరిగ్గా జరిపింది.
“ఆయన ఏయించుకున్న్యాడు మేడం.
పోయిన సెలవులో రెండు దినాలు బోర్లా పండుకున్న్యాడు.
ఏమయ్యా అంటే, మిలిట్రీలో అందరికీ ఏస్తారు,
మంచుకొండల సూది అన్న్యాడు.
నేను ఉప్పు కాపడం పెడితిని.”

కాపడం పెట్టిన చేతిని ఒకసారి చూసుకుంది.
ఫోను తీసింది, పేరు దాకా పోయింది, నొక్కలేదు.
బయట బళ్ళారి ప్యాసింజరు కూత.

రిజిస్టరు తెరిచి ఊరు అడిగాను.
అలవాటుగా పెన్ను ఎత్తి పట్టుకున్నాను,
పక్కూరు వస్తుందని.
సొంత ఊరే చెప్పింది.
“రాసినారా? కొత్త కాలనీ అని గూడా రాయండి.
తప్పు రాసుకొని మీరు యాడికో పోతే ఎట్ల?”

ఆమె పోయాక ఆరు కాగితాలు వెనక్కి తిప్పాను.
పక్కూరు. కొట్టేసిన నంబరు, దాని పక్కన పేరు.
నా చేతిరాతే.
భార్యకు చెప్పావా అని ఆ రోజు అడిగాను.
చెప్తాను మేడం అన్నాడు,
వీపు ఆనించకుండా.

రెండు చుక్కలు కలపడానికి స్కేలు తీశాను.
మళ్ళీ సొరుగులో పెట్టేశాను.